రాయికి కట్టిన మొక్క

ఆ రోజు కూడా మొక్క పైకి తేలింది.

నూకరాజు గాజుతొట్టి మీద కప్పిన కంబళి తీసి, మడతపెట్టి, స్టూలు మీద పెట్టాడు. చలికాలం కదా, రాత్రుళ్ళు నీళ్ళు చల్లబడకుండా మూతలో బల్బు వేలాడదీసి, పైన కంబళి కప్పుతాడు. ఇంట్లో ఉన్న రెండు కంబళ్ళలో మంచిది తొట్టికే వెళ్ళింది. బల్బు వెలుతురులో ముందు కంటపడింది మొక్కే. నీళ్ళమీద పక్కకి ఒరిగి ఉంది. నిన్న సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని అంత ఒద్దికగా చుట్టిన తెల్లదారం తెగి కిందికి వేలాడుతోంది. అడుగున రాయి ఎక్కడిదక్కడే ఉంది. రాయి పక్కన నల్లచారల నీలం చేప, తనకేమీ తెలియనట్టు, నోటినిండా ఇసుక తీసుకువెళ్ళి అవతల ఉమ్మి వస్తోంది.

“దొంగసచ్చినోడా,” అన్నాడు నూకరాజు, గొంతు తగ్గించి.

చేప వింటుందని కాదు ఆ తగ్గించడం. ఎదురుగా మంచంమీద భార్య దాలమ్మ పడుకుని ఉంది. ఆమె లేచేలోపల మొక్కని ఎలాగోలా రెండు రాళ్ళ సందున ఇరికిస్తే, కనీసం తను డ్యూటీకి వెళ్ళేదాకా నిలబడ్డట్టు కనిపిస్తుంది. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, మూత జరిపి, నీళ్ళలో చెయ్యి పెట్టాడు. నీలం చేప వచ్చి వేలు కొరికింది. దాని ఇల్లు మరి, ఊరుకుంటుందా.

“మల్లీ పీకీసిందేటి?” అంది దాలమ్మ. కళ్ళు మూసుకునే ఉంది.

“నేదు. కుసింత వొదులైనాదంతే.”

“అబద్దాలాడకు. సేపని తిట్టినావు కదా, ఇన్నాను.”

ఆమె గోడవైపు తిరిగింది. “ఒగ్గీ ఆ మొక్క గొడవ. బస్, సాలు.”

ఆ ‘ఒగ్గీ’ అన్న మాటంటేనే నూకరాజుకి భయం. వానలు మొదలైన రోజుల్లో పెరట్లో బోరింగు దగ్గర నాచుమీద కాలు జారి పడింది దాలమ్మ. తుంటి విరిగింది. రాయపూర్ శంకర్ నగర్‌లో ఒక ఆస్పత్రిలో రాడ్డు వేశారు. ఎముక బాగా అతుక్కుంది, ఇక నడవచ్చు అన్నాడు డాక్టరు. వాకరు కూడా తెచ్చారు. దాన్ని పట్టుకుని ఒకసారి రెండడుగులు వేసి, కాలు వణికి, వెనక్కి కూలబడింది. అంతే, మళ్ళీ లేవనంది. వాకరు తలుపు వెనక్కి వెళ్ళి, తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

పడకముందు రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దాలమ్మ పెరడంటే పేరు. క్వార్టరు వెనక ఉన్న కాస్త జాగాలోనే ఆనపపాదు, బచ్చలి, చిక్కుడు, కనకాంబరాలు. ఆ లైనులో ఆమె ఆనపకాయ తినని ఇల్లు లేదు. ఛత్తీస్‌గఢీ వాళ్ళైనా, ఒరియా వాళ్ళైనా, మన వాళ్ళైనా, ఏ ఇంటికి పిల్ల పురిటికి వచ్చినా బచ్చలి కట్ట ఈ పెరట్లోంచే వెళ్ళేది. పడ్డాక మొదట పెరడు ఒగ్గీ అంది. తర్వాత రేడియో ఒగ్గీ అంది. భిలాయి నుంచి కూతురు సుభద్ర వచ్చి తీసుకెళ్తానంటే, ఒగ్గీ. తల దువ్వబోయినా ఒగ్గీ. మనిషి ఒక్కొక్కటే వదిలేసుకుంటూ పోతే చివరికి మిగిలేదేమిటి? ఈ దిగులు నూకరాజుకి గట్టిగా పట్టుకుంది. ఆమె మళ్ళీ లేచి నిలబడితే చాలు, ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు. ఆ దిగులుతోనే ఈ తొట్టి ఇంట్లోకి వచ్చింది.

ఆస్పత్రి వరండాలో ఒక పెద్ద గాజుతొట్టి ఉండేది. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా దాలమ్మ చక్రాల కుర్చీలోంచి దానికేసే చూసేది. పేరు పిలిచినా పలికేది కాదు. నూకరాజు అది కనిపెట్టి, పక్క వీధిలో చేపలమ్మే దేవాంగన్ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇనపబద్దీలు తెచ్చుకుని, అద్దాలు బిగించి, సందులకి లప్పం పెట్టి తొట్టి తనే కట్టాడు. మొదటి వారం రోజులూ కారింది. చేపల దగ్గరికి వచ్చేసరికి, దేవాంగన్ కొట్లో ఒక మూల నాలుగింటిని విడిగా పెట్టి ఉంచారు. ఆఫ్రికావి. పక్క చేపల్ని బతకనివ్వవని ఎవరూ కొనడం లేదు. “బడే లడాకూ హైఁ, దాదా,” అన్నాడు దేవాంగన్, ఉత్త పోట్లాటకోరులని. నూకరాజు వాటినే తెచ్చుకున్నాడు. పోట్లాడేవైతే చూడ్డానికి ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుందని ఆయన ఆలోచన.

ఆలోచన ఫలించింది. రోజంతా నోటితో రాళ్ళూ ఇసుకా మోసే నీలం చేపకి దాలమ్మ గేంగుమేను అని పేరు పెట్టింది. పట్టాల కింద కంకర సర్దేవాడి పని అచ్చం అదే కదా. పసుపుపచ్చ ఆడచేప చిన్నమ్మి. మిగిలిన రెండూ రాళ్ళ వెనకే నక్కి ఉంటాయి కాబట్టి వాటికి పేర్లు రాలేదు. ఇక నీళ్ళ సంగతి. రాయపూర్ నీళ్ళలో సున్నం ఎక్కువ. కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ నీళ్ళని తిట్టని రోజు లేదు దాలమ్మకి. ఆ సున్నపు నీళ్ళే ఈ చేపలకి పుట్టింటి నీళ్ళలాంటివని దేవాంగన్ చెప్పాడు.

“ఓలమ్మ, పప్పుడకని నీల్లు ఈటికి పడినాయా,” అని దాలమ్మ నవ్వింది. పడ్డాక నవ్వడం అదే మొదలు.

దీపావళి వెళ్ళాక ఒకనాడు తొట్టికేసి చూస్తూ చూస్తూ అంది: “అన్నీ రాల్లే. ఒక్క పచ్చన నేదు. మన యార్డునాగుంది. ఒక మొక్కెయ్యకూడదేటి?”

ఆమె ఒక వస్తువు కావాలని అడిగింది. ఇన్ని నెలల్లో అడగడం అదే. నూకరాజు వంటింట్లోకి వెళ్ళి, పొయ్యిమీద ఏమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

ఆ మొక్క వేయడమే కష్టమైంది. చెరువులోంచి నాచు తెచ్చి వేస్తే తెల్లారేసరికి కూరాకులా తినేశాయి. పొడుగాకు నీటిగడ్డి నాటితే వేళ్ళతో సహా పెకలించాయి. మట్టిముంతలో నాటి పైన గులకరాళ్ళు పేరిస్తే, గేంగుమేను ఒక్కొక్క రాయీ తీసి పక్కన పెట్టి తీరిగ్గా లాగేసింది. చివరికి దేవాంగన్‌కే జాలేసి, కలకత్తా నుంచి చేపలతోపాటు ఒక మొక్క తెప్పించి ఇచ్చాడు. తమలపాకులాంటి ఆకులు, దళసరివి, చేదువి. చేపలు వాటిని తినవు. కానీ దాన్ని ఇసుకలో పాతకూడదట, కుళ్ళిపోతుందట. రాయిమీద పెట్టి నూలుతో కట్టాలి. కొన్ని నెలలకి వేళ్ళు రాయిని పట్టుకుంటాయి. ఆ తర్వాత నూలు కుళ్ళిపోయినా ఫరవాలేదు.

నూలు అనగానే నూకరాజుకి తెలిసిన నూలు ఒక్కటే.

మీసాలు సరిగా రాని వయసులో చీపురుపల్లి దగ్గర ఊరొదిలి, మేనమామ వెంట వచ్చి, ఈ వేగన్ రిపేరు షాపులో కలాసీగా చేరాడాయన. బాక్సు పేకింగులో వేశారు. అప్పట్లో వేగను ఇరుసు చివర ఇనపపెట్టె ఉండేది. అందులో నూనెలో నానిన నూలుపీచు కూరాలి. కాటన్ వేస్టు అంటారు దాన్ని. గట్టిగా కూరితే నూనె పైకి పీల్చదు, దారిలో ఇరుసు కాలుతుంది. వదులుగా కూరితే పీచు ఊడొచ్చి ఇరుసుకి చుట్టుకుంటుంది. మధ్యరకంగా కూరాలి. ఆ మధ్యరకం ఇంతని నోటితో చెప్పలేరు, చేతికి తెలియాలి. నూకరాజు చేతికి తెలుసు. ఆయన కూరిన పెట్టె కాలిందని మాట రాలేదు. రాలేదని మెచ్చుకునేవాడు కూడా లేడనుకోండి, బొగ్గు వేగన్ల ఇరుసుపెట్టెలు ఎవరు కూరారో ఎవరికి పట్టింది. తర్వాత రోలర్ బేరింగులు వచ్చాయి. పెట్టెలు పోయాయి. ఆయన్ని స్టోరు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, చేతులు తుడుచుకునే పీచు పంచడానికి.

పేకింగు వాళ్ళకొక నమ్మకం ఉంది. కొత్త పీచు పెళుసు, జారిపోతుంది; ఒకసారి నూనె తాగి, ఉతికి ఆరిన పీచే మెత్తగా పట్టుకుంటుంది. ఇరుసుకి అది నిజమే. ఆ ప్రకారమే నూకరాజు వాడిపారేసిన పీచు ఏరి తెచ్చి, సోడా వేసి ఉడకబెట్టి, ఉతికి, ఎండబెట్టి, మొక్క మొదలు చుట్టూ ఇరుసుపెట్టె కూరినట్టే మధ్యరకంగా కూరి కట్టాడు. ముచ్చటగా వచ్చింది. తెల్లారి చూస్తే నీళ్ళమీద రంగురంగుల నూనెతెట్టు. చేపలు నాలుగూ పైకి వచ్చి, మూతులు తెరిచి రొప్పుతున్నాయి. ఆ పొద్దున్న ఆయన బోరింగు దగ్గర్నుంచి ఎన్ని బకెట్లు మోశాడో చూసినవాళ్ళకే తెలుసు. దాలమ్మ మంచంమీద మోచేతుల మీద లేచి “జల్దీ, జల్దీ” అంటూనే ఉంది. చేపలు బతికాయి. ఆ రోజునుంచి ఎడమచెయ్యి లాగుతోంది నూకరాజుకి. బకెట్ల నొప్పి అనుకున్నాడు.

తర్వాత కుట్టుదారంతో కట్టాడు. రాళ్ళమీద పాకుడు గీకి తినే పళ్ళు ఆ చేపలవి, దారం వాటికో లెక్కా. అదే ఈ పొద్దుట తెగిపోయింది.

ఇప్పుడు ఆయన దాలమ్మకి మొహం కడిగించి, పక్కబట్టలు మార్చి, తల దువ్వాడు. జడ వేయడం ఈ ఆరేడు నెలల్లోనే నేర్చుకున్నాడు. మొదట్లో మరీ గట్టిగా వేసేవాడు, ఇప్పుడు బాగానే కుదురుతోంది. గంజి కలిపి గ్లాసు చేతికిచ్చాడు. అన్నం వండి, గిన్నె అందేచోట పెట్టాడు.

“ఇయ్యాల లచ్చివారం,” అంది దాలమ్మ. “అప్పలనరసమ్మ వొస్తానంది. అరటిపల్లు అట్టుకురా.”

“తెస్తాను. పువ్వులో?”

“ఒగ్గీ పువ్వులు,” అంది.

హూటరు కూసింది. నూకరాజు సైకిలు తీశాడు.

* * *

స్టోరు కిటికీ దగ్గర పని పెద్దగా ఉండదు. వచ్చినవాడికి గుప్పెడు పీచు ఇవ్వడం, సంతకం పెట్టించుకోవడం. మధ్యాహ్నం టీ వేళకి డేవిడ్ వచ్చి కిటికీ గట్టుమీద కూర్చున్నాడు. భీమవరం వైపువాడు, రోలర్ బేరింగు సెక్షన్‌లో ఫిట్టరు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు.

“ఏరా, నిలిచిందా?”

“తెగిపోనాది.”

“నీ ఓపికకి దండంరా బాబూ. ప్లాస్టిక్ మొక్క దొరుకుతుంది బజార్లో. ఒకటి కొని పడెయ్. అచ్చు అలాగే ఉంటుంది.”

“దాలమ్మకి తెలిసిపోద్ది.”

“ఏం తెలుస్తుంది? మంచంమీంచి చూసేదానికి.”

“ఆకు ఎయ్యదు కదా అది,” అన్నాడు నూకరాజు. “రోజూ సూసినోలికి తెలిసిపోద్ది. మల్లీ ఏదీ అడగదు.”

డేవిడ్ టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. వేళాకోళానికి ఇంకో మాట అనబోయి మానేశాడు. నూకరాజు ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

“ఇంకా లాగుతోందా? డిస్పెన్సరీకి పోయావా?”

“గేసురా. సోడా తాగితే పోద్ది.”

“గేసు భుజంలోకి వస్తుందేంట్రా. రేపు పద, నేనూ వస్తాను.”

“రేపు సూద్దాం,” అన్నాడు నూకరాజు. ఆయన ఆలోచన అంతా దారంమీదే ఉంది. సన్నదారం తెగుతుంది. నైలాను తాడైతే తెగదు గాని, చేప మొప్పలో ఇరుక్కుంటే చస్తుంది. మెత్తగా ఉండాలి, లావుగా ఉండాలి, నూలుదై ఉండాలి, నూనె తగిలి ఉండకూడదు. షాపంతా నూలుపీచే, ఆయన కిటికీ వెనక బస్తాలకి బస్తాలు ఉంది, ఒక్క పోగు పనికి రాదు. ఆయనకి నవ్వొచ్చింది.

* * *

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు వరిపిండి ముగ్గు ఉంది. లోపల సాంబ్రాణి పొగ. మార్గశిర మాసం లక్ష్మివారమంటే ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఆడవాళ్ళకి ఎంత దూరంలో ఉన్నా పండుగే. పక్క క్వార్టరు అప్పలనరసమ్మ, దాలమ్మ మంచం పక్కనే పీట వేసి, పసుపుతో అమ్మవారిని చేసి, దీపం వెలిగించింది. కొత్త తాడుకి పసుపు పట్టించి తెచ్చింది. ఏడాదికొకసారి ఈ నెలలోనే దాలమ్మ పసుపుతాడు మార్చుకుంటుంది. నూకరాజు తెచ్చిన అరటిపళ్ళు పీటమీద పెట్టాడు. పక్కనే ఒక పొట్లం కూడా పెట్టాడు. కనకాంబరాలు. దాలమ్మ చూసింది గాని ఒగ్గీ అనలేదు.

అప్పలనరసమ్మ కొత్త తాడుకి పుస్తెలు గుచ్చి దాలమ్మ మెడలో వేసి, పాతది విప్పి తీసింది.

“ఇటీ వొదినా. పొద్దున్న తలాబుకి ఎల్లి నీల్లల్లో ఒగ్గీసి వొస్తాను.”

పాత పసుపుతాడు ఎక్కడపడితే అక్కడ పారేయరు. నీళ్ళలో వదలాలి, లేదంటే పచ్చని మొక్క మొదట్లో పెట్టాలి. ప్రతి ఏడూ దాలమ్మ దాన్ని తన చిక్కుడుపాదు మొదట్లో పెట్టేది. ఇప్పుడు అరచేతిలో చుట్టలా పెట్టుకుని చూస్తోంది. ఏడాది పాటు పసుపు తాగి, చెమట తాగి, మెత్తబడిన తాడు. పోగులు కలిపి పేనిన లావుపాటి నూలు.

“ఉండనీ నరసమ్మా,” అంది. “నా నీల్లు ఇక్కడే ఉన్నాయి.”

అప్పలనరసమ్మకి అర్థం కాలేదు. నూకరాజుకి అర్థమైంది. ఆయన వెంటనే వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు వెలిగించి నీళ్ళు పెట్టాడు.

ఈసారి సోడా వేయలేదు, సబ్బు వేయలేదు. ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, ఆ పసుపునీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టాడు. వేళ్ళతో నలిపి వాసన చూశాడు. మూడోసారి కూడా పెట్టబోతుంటే ముందు గదిలోంచి దాలమ్మ అరిచింది.

“నా మెడ మురికి సేపలకి పడదనేటి నీ బయం?”

“నీ మెడ మురికి నాకే పడింది. సేపలెంత,” అన్నాడు నూకరాజు.

అప్పలనరసమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

ఆయన బేసినులో నీళ్ళు పోసి, రాయీ మొక్కా అందులో పెట్టి మంచం దగ్గరికి తెచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొక్కని రాయిమీద ఆనించి పట్టుకుంటే తాడు చుట్టడానికి చెయ్యి చాలడం లేదు. తాడు చుడితే మొక్క జారుతోంది. దాలమ్మ కాసేపు చూసింది.

“అలాగేటి కడతావు. ఆనపతీగని పందిరికి అలాగే కడతారేటి?” అంది. “ఇటియ్యి.”

చేతులు రెండూ పరుపుమీద ఊని లేచి కూర్చుంది. ఒక కాలు కిందికి దింపింది. రెండోది చేత్తో పట్టుకుని దింపింది. పాదాలు రెండూ నేలకి ఆనాయి. నూకరాజు రాయివైపే చూస్తూ ఉండిపోయాడు. తను చూసినట్టు తెలిస్తే ఎక్కడ మళ్ళీ పడుకుంటుందో అని.

ఆయన పట్టుకున్నాడు, ఆమె చుట్టింది.

“మరీ బిగించకు,” అన్నాడు. “ఏరుకి నీల్లు తాగనాకి సోటుండాల. వొదులూ కాకూడదు.”

“పేకింగు పాటం నాకు సెప్పకు. నాను కట్టినీ తీగ ఏ గాలికైనా జారినాదేటి?”

మూడు చుట్లు చుట్టి, కిందివైపు ముడి వేసి, చివర్లు లోపలికి దోపింది. వేలితో మొక్కని అటూ ఇటూ కదిపి చూసింది. నూకరాజు కూడా కదిపి చూశాడు. గట్టిగానూ లేదు, వదులుగానూ లేదు. ఎవరూ నేర్పకుండానే ఆమె చేతికి ఆ మధ్యరకం తెలుసు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి తనకీ సంగతి తెలియలేదే అనిపించింది ఆయనకి, సంతోషమే వేసింది.

“దేవాంగన్ సెప్పినాడు. ఏరు రాయిని పట్టినాక తాడు దానికదే కుల్లిపోద్దట. తియ్యక్కర్నేదట.”

“ఠీకే. పోతే పోద్ది,” అంది దాలమ్మ.

రాయిని తొట్టి మధ్యలో దింపాడు. గేంగుమేను వచ్చి, చుట్టూ తిరిగి, తాడుని ఒకసారి నోటితో పట్టి లాగి వదిలేసింది. చిన్నమ్మి ఒక ఆకు కిందికి వెళ్ళి ఆగింది. దాలమ్మ మంచం అంచున కూర్చునే ఇదంతా చూసింది. అన్నం కూడా అలాగే కూర్చుని తింది. కనకాంబరాలు తనే తీసి జడలో పెట్టుకుంది.

“రేపు ఆ వాకరు మీద తువ్వాల్లు తీసీ,” అంది పడుకోబోతూ.

నూకరాజు సరేనన్నాడు. తొట్టిమీద కంబళి కప్పి, నాలుగువైపులా అంచులు సర్దాడు. ఆనందం అంతా బయటికి చెప్పేస్తే తరిగిపోతుందన్నట్టు ఒక్క మాట కూడా మాట్లాడకుండా గదిలో లైటు ఆర్పాడు.

* * *

కంబళి తీసిన చప్పుడు దాలమ్మ నిద్రలోనే విన్నది. కాసేపటికి కళ్ళు తెరిచింది. కిటికీలోంచి పల్చగా వెలుతురు వస్తోంది. తొట్టిలో బల్బు వెలుగుతోంది. మొక్క రాయిమీద నిటారుగా నిలబడి ఉంది, ఆకులు మెల్లగా ఊగుతున్నాయి. నూకరాజు తొట్టి పక్కన స్టూలుమీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉన్నాడు. సగం మడిచిన కంబళి ఒళ్ళో ఉంది.

“నిలిసినాది కాదేటి,” అంది దాలమ్మ.

ఆయన పలకలేదు. మొక్కకేసి చూస్తున్నాడనుకుంది.

“నాను సెప్పినాను కానా. సూడు, ఆడు మల్లీ వొచ్చినాడు.”

గేంగుమేను తాడు పట్టి లాగింది. ఊడలేదు. మళ్ళీ లాగింది. విసుగెత్తి వెళ్ళి ఇసుక తవ్వుకోసాగింది. దాలమ్మ నవ్వింది. అప్పుడే నూకరాజు ఒళ్ళోంచి కంబళి జారి నేలమీద పడింది. ఆయన వంగి తీయలేదు.

కంబళి నేలమీద పడనిచ్చే మనిషి కాదు నూకరాజు.

దాలమ్మ లేచింది. వాకరు మాట ఆమెకి గుర్తే రాలేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడింది, తర్వాత గోడ పట్టుకుంది, తర్వాత పట్టుకోవడానికి ఏమీ లేనిచోట కూడా నడిచింది. వెళ్ళి ఆయన చెంపమీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. చలికి అనుకుంది ముందు. కంబళి తీసి భుజాల చుట్టూ కప్పింది. మళ్ళీ చెంపమీద చెయ్యి పెట్టి, అలాగే ఉంచింది.

“ఇదిగో, నడిసొచ్చినాను,” అంది. “నడిసే వొచ్చినాను. సూడయ్యా.”

* * *

పదోనాడు చేయవలసినవి చేశారు. సుభద్ర ఒక మూల కూర్చుని ఏడుస్తూనే ఉంది. చీపురుపల్లి నుంచి వచ్చిన నూకరాజు అక్క పైడమ్మ, దాలమ్మ చేతి గాజులు తీసింది, మెడలో కొత్త తాడు తీసింది. ఆ తాడుకింకా పసుపు వెలిసిపోలేదు. పెద్దావిడ కఠినమైన మనిషి కాదు, పద్ధతి తప్పితే చనిపోయిన తమ్ముడికి ఏమవుతుందో అన్న భయం ఆవిడది. కాసేపు తొట్టికేసి చూసి, ఎలా అనాలో తెలియక, చివరికి అంది.

“దాలమ్మా, ఆ నీల్లల్లోది కూడా నీ తాడేనట కదా. అదీ తీసీసి తలాబులో కలిపియ్యాల. ఇంట్లోనుండకూడదు.”

అప్పలనరసమ్మ తల దించుకుంది. సుభద్ర ఏడుపు ఆపి అమ్మకేసి చూసింది.

దాలమ్మ వాకరు దగ్గరికి లాక్కుని లేచింది. ఠక్కు ఠక్కుమని నడిచి వెళ్ళి, తొట్టికీ వాళ్ళకీ మధ్యన నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

“నా మెల్లోది తీసీసినారు, తీయించుకున్నాను. ఇది నా మెల్లోది కాదు వొదినా, మొక్కది. నాను సుట్టినాను, మీ తమ్ముడు పట్టుకున్నాడు. ఎవులూ తియ్యక్కర్నేదు. ఏరు రాయిని పట్టినాక దానికదే పోద్ది.”

పైడమ్మ కళ్ళొత్తుకుని, “సర్లే,” అంది.

మధ్యాహ్నానికి వచ్చినవాళ్ళంతా భోజనాలకి పెరట్లోకి వెళ్ళారు. దాలమ్మ స్టూలుమీద కూర్చుంది. గేంగుమేను రాయికి ఒక పక్కన పెద్ద గొయ్యి తవ్వింది. చిన్నమ్మి ఆకు నీడన ఉంది. నడిమి ఆకుకీ కాండానికీ మధ్య, ఇంకా చుట్ట విప్పని లేతాకు ఒకటి కనిపిస్తోంది. నిన్న లేదది. దాలమ్మ అద్దానికి నుదురు ఆనించి కిందికి చూసింది. రాయి చుట్టూ మూడు చుట్లు తిరిగి, ముడి దగ్గర కొంచెం పసుపు మిగిలి, ఆ తాడు అలాగే ఉంది.